టియర్‌డ్రాప్ ట్రైలర్ ఇంట్లోనే కట్టుకోవచ్చా? రెండు కట్టిన అనుభవంతో నా జవాబు

ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్తాను, తర్వాత వచ్చి చదివేవాళ్లకు సందర్భం తెలుస్తుంది. మీరుండేది ఉత్తర వర్జీనియాలో, టౌన్‌హౌస్‌లో. రెండు కార్లు పట్టే గరాజ్ ఉంది, టొయోటా రావ్ 4 ఉంది. మీరు, మీ ఆవిడ, ఆరేళ్ల పాప. పోయిన ఏడాది రెండుసార్లు టెంట్‌లో వానకు తడిసి అర్ధరాత్రి కారెక్కి ఇంటికొచ్చేశారు. వడ్రంగం పని రాదు, కొన్న ఫర్నిచర్‌ని బిగించుకోవడం వరకే అలవాటు. 'కారు వెనక లాక్కెళ్లే, లోపల పడక, వెనక వంటగదితో నీటిబొట్టు ఆకారంలో ఉండే ఆ చిన్న టియర్‌డ్రాప్ ట్రైలర్‌ని నేనే కట్టుకోగలనా? ఎంత ఖర్చు, ఎన్నాళ్లు పడుతుంది?' అని అడిగారు.

కట్టుకోగలరు. వడ్రంగం రాకపోవడం అడ్డంకి కాదు. నేను మొదటిది 2016లో కట్టాను, అప్పటికి నాకు రంపం పట్టడం కూడా సరిగ్గా రాదు. రెండోది 2021లో కట్టాను. ప్లైవుడ్ ధరలు మండిపోతున్న ఏడాది అది. అయినా పరుపు, బ్యాటరీ, ఫ్యాన్ అన్నీ కలిపి సుమారు 5,200 డాలర్లలో అయిపోయింది. శని, ఆదివారాలు మాత్రమే పని చేస్తే దాదాపు ఐదు నెలలు పట్టింది. పనిముట్లు మీ దగ్గర ఏమీ లేకపోతే ఇంకో ఐదారు వందలు కలుపుకోండి.

కాకపోతే మీరు అడగని సంగతి ఒకటుంది, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది అదే. ఈ ట్రైలర్‌ని పాడుచేసేది చేతకాని వడ్రంగం కాదు, నీళ్లు. కోతలో అర అంగుళం తేడా వస్తే పట్టీ వేసి కప్పేయొచ్చు. నీళ్లు చొరబడే చిన్న సందు ఒక్కటి మిగిలినా రెండేళ్లలో చెక్క చివికిపోతుంది. నా మొదటి ట్రైలర్ అలాగే పోయింది. ఆ కథ కింద వివరంగా చెప్తాను. దానికంటే ముందు తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

మీ కారు ఎంత లాగగలదు? రావ్ 4లో ఏ రకమో మీరు చెప్పలేదు. 2019లో మొదలైన తరంలో మామూలు పెట్రోల్ మోడల్‌కి 1,500 పౌండ్లు, హైబ్రిడ్‌కి 1,750 పౌండ్లు. అందులోనే కొన్ని ప్రత్యేక రకాలకు 3,500 వరకూ ఉంది. ఓనర్స్ మాన్యువల్ తీసి మీ మోడల్ అంకె చూసుకోండి, ఎవరో చెప్పింది నమ్మొద్దు. 1,500 అయితే అది సామాన్లతో కలిపి ఉండాల్సిన బరువు. నా రెండో ట్రైలర్ 5 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు. లారీలు ఆగే ట్రక్ స్టాప్‌లోని కాటా మీద తూయిస్తే ఖాళీగా 1,080 పౌండ్లు వచ్చింది. నీళ్లు, ఐస్ పెట్టె, వంట సామాను, బట్టలు పెట్టాక 1,340. మీ పరిమితి 1,500 అయితే ఇంకా మిగిలేది 160 పౌండ్లే, అంటే పెద్దగా విలాసాలకు చోటు లేదు. ముప్పావు అంగుళం మందమున్న ప్లైవుడ్ షీటు ఒక్కటే అరవై పౌండ్ల పైన తూగుతుంది. రెండు పక్క గోడలకూ అదే వాడాలనుకుంటే లోపల కిటికీ చట్రాల్లా గదులు కోసి ఆ ఖాళీల్లో ఫోమ్ నింపండి. బరువు తగ్గుతుంది, చలి కూడా ఆగుతుంది. అన్నట్టు, ఫోమ్‌కి ఏ జిగురు పడితే అది పూయొద్దు. కొన్ని జిగుర్లలోని సాల్వెంట్ ఫోమ్‌ని తినేస్తుంది. 'ఫోమ్‌కి వాడవచ్చు' అని డబ్బా మీద రాసి ఉన్నదే తీసుకోండి.

ముగ్గురు పడుకోవడం. ఈ ట్రైలర్లు 4 అడుగుల వెడల్పులో ఎక్కువ కనిపించడానికి కారణం ప్లైవుడ్ షీటు 4 బై 8 అడుగులు ఉండటమే. నేల, పైకప్పు అతుకులు లేకుండా వచ్చేస్తాయి. కానీ 4 అడుగుల్లో ఇద్దరు పెద్దవాళ్లు పడుకుంటేనే మోచేతులు తగులుతాయి, మధ్యలో పాప అసాధ్యం. మీరు 5 అడుగులే కట్టండి. గోడల్ని నేల మీద నిలబెట్టకుండా నేల అంచుకి బయటి వైపు నుంచి బిగిస్తే లోపల 60 అంగుళాలు పూర్తిగా దొరుకుతుంది, అంటే క్వీన్ పరుపు వెడల్పు. పాపకి మీ కాళ్ల వైపు, కాళ్లకు పైన అడ్డంగా ఒక అటక మంచం వేయొచ్చు. మా అమ్మాయి తొమ్మిదేళ్లు వచ్చేదాకా దాని మీదే పడుకుంది, ఆ తర్వాత ట్రైలర్ పక్కన చిన్న టెంట్ వేసుకోవడం మొదలుపెట్టింది. ఆ మంచానికి ముందు వైపు గట్టి గుడ్డతో అడ్డు కట్టడం మరవొద్దు.

గరాజ్ తలుపు కొలవండి. టౌన్‌హౌస్ అన్నారు కాబట్టి మీ హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ట్రైలర్‌ని డ్రైవ్‌వేలో పెట్టనివ్వకపోవచ్చు. ఆ రూల్స్ ఈరోజే చదవండి. గరాజ్ తలుపు మామూలుగా 7 అడుగుల ఎత్తు ఉంటుంది. ట్రైలర్ నేల రోడ్డు నుంచి దాదాపు 20 అంగుళాల ఎత్తులో ఉంటుంది, దాని మీద 4 అడుగుల గూడు, పైన ఫ్యాన్ మూత ఇంకో 4, 5 అంగుళాలు. మొత్తం 6 అడుగుల చిల్లర. సరిపోతుంది. కానీ గూడు ఎత్తు ఇంకో అడుగు పెంచుదామని మధ్యలో మనసు మారితే కట్టింది బయటికి రాదు.

ఇక ఫ్రేమ్. వెల్డింగ్ జోలికి వెళ్లకండి, ఫ్రేమ్ కొనండి. 5 బై 8 లేదా దానికి దగ్గరి కొలతల్లో నట్లు బోల్టులతో బిగించుకునే ట్రైలర్ ఫ్రేములు యాక్సిల్ (చక్రాల ఇరుసు), చక్రాలు, లైట్లతో సహా దొరుకుతాయి. సొంతంగా వెల్డింగ్ చేసి, అతుకు పక్కకు పోతే వెనకాల వచ్చేవాళ్ల ప్రాణాల మీదికి వస్తుంది. ఇంకో లాభం ఏంటంటే, కొన్న ఫ్రేమ్‌తో పాటు మాన్యుఫాక్చరర్స్ సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ అనే కాగితం వస్తుంది. అది జాగ్రత్తగా దాచండి. డీఎంవీలో, అంటే వాహనాల శాఖ ఆఫీసులో, రిజిస్ట్రేషన్‌కి అదే ఆధారం. అది లేకుండా 'ఇంట్లో చేసిన ట్రైలర్' అని వెళ్తే తనిఖీలు, కొత్త నంబర్ కేటాయించడం అంటూ తిరగాల్సి వస్తుంది. బ్రేకులు ఎంత బరువు నుంచి తప్పనిసరి అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కాలిఫోర్నియాలో 1,500 పౌండ్ల నుంచే కావాలి. మీ రాష్ట్రం సంగతి ఫ్రేమ్ కొనకముందే చూసుకోండి, యాక్సిల్‌కి బ్రేకులు తర్వాత పెట్టించడం రెట్టింపు పని.

ఇప్పుడు నీళ్ల సంగతి.

మొదటి ట్రైలర్ చూడటానికి చాలా బాగుండేది. చుట్టూ అల్యూమినియం రేకు, అంచుల వెంట మెరిసే లోహపు పట్టీ, దాన్నే మోల్డింగ్ అంటారు. పైకప్పు రేకు, పక్క రేకు కలిసే అంచు మీద ఆ మోల్డింగ్ పెట్టి ప్రతి రెండు అంగుళాలకీ ఒక స్క్రూ దిగ్గొట్టాను. కింద సిలికాన్ పూశాను. గట్టిగా అంటుకుంది, ఇక ఢోకా లేదనుకున్నాను. మా హెచ్‌ఓఏ ఒప్పుకోక దాన్ని స్నేహితుడి ఇంటి వెనక పెట్టి, పైన టార్పాలిన్ కప్పి ఉంచాను. 2018 ఏప్రిల్‌లో బయటికి తీస్తే లోపల తడి గోనెసంచి వాసన. చక్రం వెనక గోడ కింది అంచు దగ్గర స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పిడి దాకా దిగిపోయింది. రేకు విప్పాక తెలిసింది, పైన స్క్రూ రంధ్రాల్లోంచి నీళ్లు దిగి, రేకుకీ చెక్కకీ మధ్య జారి, కింద చేరి అక్కడే నిలిచిపోయాయి. రేకు కప్పేసింది కాబట్టి బయటికి ఏమీ తెలియలేదు. టార్పాలిన్ ఆ చెమ్మని ఆరనివ్వలేదు. మా అమ్మాయి పేరు రాసిన ఆ తలుపుని విప్పి పక్కన పెట్టి, మిగతాదంతా కోసి పారేయాల్సి వచ్చింది. ఆ రోజు నాకు చాలా బాధేసింది. మీకు ఆ పరిస్థితి రాకూడదనే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

రెండోసారి ఏం మార్చానో చెప్తాను.

ప్లైవుడ్ నీళ్లు తాగేది ముఖం నుంచి కాదు, కోసిన అంచు నుంచి. అక్కడ చెక్క నాళాలు తెరుచుకుని ఉంటాయి, దీపం వత్తి నూనె పీల్చినట్టు పీలుస్తాయి. కాబట్టి కోసిన ప్రతి అంచుకీ, ప్రతి రంధ్రానికీ బిగించకముందే పూత వేయాలి. నేను నేల కింది భాగానికి, అన్ని అంచులకీ ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) వేశాను. అంత ఖర్చు వద్దనుకుంటే పాలియురేథేన్‌ని మినరల్ స్పిరిట్స్‌తో సగానికి సగం పలుచన చేసి, చెక్క ఇక తాగనని మానేసేదాకా పూస్తూ పోవచ్చు. పలుచగా ఉంటేనే లోపలికి ఇంకుతుంది. పై పూత మాత్రం చిక్కగా వేయాలి. ఒక జాగ్రత్త: ఆ గుడ్డ ముక్కల్ని ఉండ చుట్టి చెత్తబుట్టలో వేయకండి. ఆరేటప్పుడు వేడి పుట్టి వాటంతట అవే అంటుకుంటాయి. ఒక్కొక్కటి విడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లు పోసిన మూత డబ్బాలో వేయండి.

స్క్రూ రంధ్రాల విషయంలో పడవలు కట్టేవాళ్ల పద్ధతి ఒకటుంది. కావాల్సినదానికంటే పెద్ద రంధ్రం చేసి, దాన్ని ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలో స్క్రూకి సరిపడా మళ్లీ రంధ్రం చేయాలి. అప్పుడు స్క్రూ పక్కనుంచి నీళ్లు దిగినా చెక్కను తాకవు. ఫ్యాన్ చుట్టూ, పైకప్పు అంచుల్లో ఇదే చేశాను. మూడు వారాంతాలు దీనికే పోయాయి. మొత్తం పనిలో నాకు బాగా తృప్తినిచ్చింది ఆ మూడు వారాంతాలే.

సిలికాన్ వాడకండి. అది ఒకసారి అంటిందంటే దాని మీద రంగు పట్టదు, ఇంకో సీలెంట్ పట్టదు, మరమ్మతు నరకం. మోల్డింగ్ కింద, తలుపు చట్రం కింద, ఫ్యాన్ కింద బ్యూటైల్ టేప్ (మెత్తగా, జిగటగా ఉండే రబ్బరు పట్టీ) పరవండి. అది ఎప్పటికీ గట్టిపడదు. స్క్రూ బిగించినప్పుడు పక్కలకి పొంగుతుంది. ఆ పొంగింది మర్నాడు కోసేసి, స్క్రూలు మళ్లీ ఒక చుట్టు బిగించాలి.

వెనక వంటగది మీది పెద్ద మూత ఉంటుంది కదా, ఎక్కువమందికి అక్కడే కారుతుంది. చుట్టూ రబ్బరు గ్యాస్కెట్ పెట్టాం, చాలు అనుకుంటారు. గ్యాస్కెట్ గాలిని ఆపుతుంది, వాన పూర్తిగా ఆగదు. లోపలికి వచ్చే ఆ నాలుగు చుక్కలు పారిపోవడానికి మూత కింద గోడ అంచు వెంట పైనుంచి కింది దాకా గాడి ఉండాలి. మన పెంకుటిళ్లకి చూరు నీళ్లు పోయే కాలువ ఉన్నట్టే. పైన కీలు దగ్గర మామూలు పియానో హింజ్ కాకుండా, ఒక రేకు ఇంకో రేకు లోపలికి చుట్టుకుని ఉండే హరికేన్ హింజ్ కొనండి. దాన్లో సందు ఉండదు.

మూత విషయంలోనే ఇంకోటి. వంచిన ప్లైవుడ్ విడిచిపెట్టగానే కాస్త వెనక్కి తెరుచుకుంటుంది. అందుకే చాలామందికి మూత కింది అంచు గోడకి ఆనకుండా అంగుళం ఎడం వస్తుంది. నేను పల్చటి, అంగుళంలో ఎనిమిదో వంతు మందమున్న ప్లైవుడ్ రెండు పొరలు తీసుకుని, ట్రైలర్ మీదే, దాని చోటులోనే వంచి, మధ్యలో జిగురు పూసి, పట్టీలతో బిగించి రెండు రోజులు కదపలేదు. పొరలు రెండూ ఒకదాన్నొకటి పట్టి ఉంచుతాయి, వంపు నిలబడుతుంది. ఒకే మందపాటి పొరతో ఆ ఆకారం రాదు.

లోపలి ప్యానెళ్లు బిగించకముందు ఒక పరీక్ష చేయండి. మీ ఆవిడని గొట్టంతో పైనుంచి పావుగంట నీళ్లు పోయమనండి, మీరు టార్చ్ పట్టుకుని లోపల కూర్చోండి. ఎక్కడ చెమ్మ కనిపిస్తే అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. నాకు మొదటి పరీక్షలో రెండు చోట్ల దొరికింది, రెండూ తలుపు చట్రం మూలల్లోనే. తలుపులు అచ్చంగా సొంతంగా చేయాలని పట్టుదల లేకపోతే రెండూ కిటికీలతో సహా రెడీమేడ్‌గా కొనుక్కోండి. బడ్జెట్‌లో పెద్ద ముక్క అదే అవుతుంది, అయినా నేను మళ్లీ కట్టినా కొంటాను. ఒక తలుపుతో సరిపెట్టుకోకండి. మంట, పొగ లాంటివి వస్తే రెండో దారి ఉండాలి.

నీళ్లు బయటి నుంచే రావు. ఇద్దరు పెద్దవాళ్లు, ఒక పాప రాత్రంతా వదిలే ఊపిరి ఆ చిన్న గూట్లో చెమ్మగా మారి గోడల మీద, పరుపు కింద చేరుతుంది. పైకప్పులో 14 అంగుళాల చదరపు రంధ్రానికి సరిపోయే ఫ్యాన్ పెట్టి, నెమ్మదిగా బయటికి తోసేలా తిప్పి, ఒక కిటికీ రెండు వేళ్ల సందు తెరిచి ఉంచండి. చలికాలంలో కూడా. పరుపు కింద గాలి ఆడేలా సన్నని చెక్కపట్టీలు వేయండి, లేకపోతే బూజు పడుతుంది. లోపల గ్యాస్ పొయ్యి, గ్యాస్ హీటర్ వెలిగించొద్దు. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఇరవై, ముప్పై డాలర్లే. అది లేకుండా పాపని లోపల పడుకోబెట్టకండి.

కరెంటు పెద్ద కష్టం కాదు. 100 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఒకటి చాలు. ఫ్యాన్ 2 ఆంపియర్లు లాగిందనుకున్నా ఎనిమిది గంటల రాత్రికి 16 ఆంపియర్-అవర్లు అవుతుంది, లైట్లు, ఫోన్లు కలిపినా రెండు మూడు రోజులు వస్తుంది. గడ్డకట్టే చలిలో దాన్ని ఛార్జ్ చేయకూడదు. మెయిన్ ఫ్యూజ్ బ్యాటరీకి ఆనుకునే ఉండాలి. వెనక లైట్లకి వచ్చే నాలుగు తీగల్లో తెలుపు గ్రౌండ్ (కరెంటు తిరిగి వెళ్లే దారి), గోధుమ రంగు టెయిల్ లైట్లు, పసుపు ఎడమ, ఆకుపచ్చ కుడి. ఫ్రేమ్‌నే గ్రౌండ్‌గా వాడుకోకుండా ఆ తెల్ల తీగని ప్రతి లైటు దాకా లాగండి. లైట్లు వెలిగీ వెలగక సతాయించే ట్రైలర్లలో నేను చూసినంతవరకు తప్పు గ్రౌండ్‌లోనే.

బరువు ఎక్కడ పెడతారన్నది ప్రాణం మీద విషయం. హిచ్, అంటే కారు వెనక ట్రైలర్‌ని తగిలించే భాగం, దాని మీద పడే బరువు మొత్తం ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. దానికంటే తగ్గితే ట్రైలర్ వెనక తోక ఊపినట్టు ఊగుతుంది. టియర్‌డ్రాప్‌లో వంటగది వెనక ఉంటుంది కాబట్టి ఈ పొరపాటు తేలిగ్గా జరుగుతుంది. మొదటి ట్రైలర్‌తో ఐ-81 హైవే మీద దిగుడులో వెళ్తుంటే నాకు అదే అయింది. వెనక వంటగదిలో 10 గ్యాలన్ల నీళ్లు నింపి పెట్టాను, అంటే 83 పౌండ్లు. పక్కనుంచి లారీ దాటగానే ఊగడం మొదలైంది. బ్రేకు తొక్కకుండా, స్టీరింగ్ నిటారుగా పట్టుకుని, గ్యాస్ పెడల్ మీంచి కాలు తీస్తే నెమ్మదిగా సర్దుకుంది. అప్పటి నుంచి నీళ్లు, బ్యాటరీ ముందు వైపే. హిచ్ బరువు చూడటానికి ఇంట్లో మనం నిలబడి చూసుకునే కాటా చాలు. ట్రైలర్‌ని సమంగా నిలబెట్టి, చక్రాలకి అడ్డుకట్టలు వేసి, కాటా మీద చెక్క ముక్క నిలబెట్టి, దాని మీద కప్లర్ (హిచ్‌కి తగిలే ట్రైలర్ ముందు కొస) ఆనించండి. సామాను మొత్తం పెట్టాకే చూడాలి. మీ కారు హిచ్‌కి ఉన్న పరిమితి కూడా దాటకూడదు, అది హిచ్ మీది స్టిక్కర్‌పై ఉంటుంది.

వంటగది కొలతలు ఎవరి ప్లాన్‌లోంచో తీసుకోకండి, మీ గిన్నెల్ని బట్టి పెట్టుకోండి. నేను మా 3 లీటర్ల కుక్కర్, ఇడ్లీ పాత్ర, పోపుల డబ్బా నేల మీద పేర్చి, టేపు పెట్టి కొలిచి, ఆ తర్వాతే అరలు గీశాను. సొరుగులకి గొళ్లేలు తప్పనిసరి, లేకపోతే మొదటి గతుకుకే పప్పుల డబ్బాలన్నీ కింద ఉంటాయి. మూత తెరిస్తే నెత్తిన చూరులా ఉంటుంది. సన్నగా వాన పడుతుంటే దాని కింద నిలబడి ఉప్మా తిరగమోత వేసుకోవడం మా ఇంట్లో అందరికీ ఇష్టం. మీకు దగ్గర్లోని షెనన్‌డోవా నేషనల్ పార్కులో నల్ల ఎలుగుబంట్లు తిరుగుతాయి కాబట్టి రాత్రి తిండి సామానంతా కార్లోకి మార్చి తాళం వేయండి, వంటగదిలో వదలొద్దు.

మొదటి ప్రయాణం మీకు దగ్గర్లోనే పెట్టుకోండి. ఆ పార్కులోంచి వెళ్లే స్కైలైన్ డ్రైవ్ రోడ్డు మీద బిగ్ మెడోస్ క్యాంప్‌గ్రౌండ్ చక్కగా సరిపోతుంది. ఆ రోడ్డు మీద వేగం 35 మైళ్లు దాటదు, కొత్త ట్రైలర్‌కి అదే మంచిది. దారిలో ఉండే మేరీస్ రాక్ టన్నెల్ ఎత్తు 12 అడుగుల 8 అంగుళాలు. పెద్ద ఆర్‌వీల (ఇల్లులాంటి బండ్ల) వాళ్లు అక్కడ టెన్షన్ పడతారు, మీకు ఆ బాధ లేదు. బయల్దేరాక ఇరవై మైళ్లకి ఒకసారి ఆపి, చక్రం మధ్యలో హబ్‌కి చెయ్యి దగ్గర పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే బేరింగ్‌లో గ్రీజు తక్కువైనట్టు లేదా బిగుతు ఎక్కువైనట్టు. యాభై మైళ్లకి చక్రాల నట్లు మళ్లీ టార్క్ రెంచ్‌తో బిగించండి.

ఫ్రేమ్ కొనే ముందు మీ రావ్ 4 మోడల్, గరాజ్ తలుపు కొలత ఇక్కడే రాయండి. యాక్సిల్ ఎక్కడ రావాలో లెక్కవేసి చెప్తాను.